నీళ్ళ డబ్బా సాక్ష్యం చెల్లదు

డిసెంబరు ఉదయం. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి విడిభాగాల బజారులో ఒక దుకాణం ముందు కారు బానెట్టు తెరిచి ఉంటుంది. ఇంజిన్ పక్కన బిగించిన అల్యూమినియం డబ్బా అడుగు మర తిప్పి కుర్రాడు ప్లాస్టిక్ గ్లాసు పడతాడు. పాలు ఎక్కువైన కాఫీ రంగులో, మీగడ తరకల్లాంటివి తేలుతూ, పెట్రోలు వాసన కొడుతూ ముప్పావు గ్లాసు దిగుతుంది. "చూసిండ్రా సార్, ఇదంత మీ ఇంజిన్లకు పోతుండె" అంటాడు. కారు ఓనరు మొహం వెలిగిపోతుంది. డబ్బాకి పెట్టిన వేలు వృథా కాలేదు. తమ్ముడి కారుకు కూడా ఒకటి బేరమాడేస్తాడు.

అదే గ్లాసు రెండు వీధుల అవతల ఇంకో షెడ్డుకి పట్టుకెళ్తే కథ వేరు. అక్కడి పెద్ద మెకానిక్ వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, తల అడ్డంగా ఊపుతాడు. "నూనెల నీళ్లొచ్చినయ్. గ్యాస్కెట్ పోయింది సార్, హెడ్డు దించాలె."

ఒకరేమో ఇంజిన్ బతికిపోయిందంటారు, ఇంకొకరు చచ్చిపోతోందంటారు. తీర్పులు ఎదురెదురుగా ఉన్నా నమ్మకం మాత్రం ఇద్దరిదీ ఒకటే: డబ్బాలో ఎంత చేరితే ఇంజిన్‌లో అంత ఏదో జరుగుతోందని. ఆ నమ్మకమే తప్పు. ఆ ముప్పావు గ్లాసు ప్రధానంగా చెప్పే సంగతులు మూడే: డబ్బా ఎంత చల్లగా ఉంది, బయట ఏ కాలం నడుస్తోంది, కారు ఒక్కో విడతకి ఎంత దూరం తిరుగుతోంది.

క్యాచ్ క్యాన్ అనే ఈ డబ్బా నిజానికి చాలా చిన్న విషయం. పిస్టన్‌కీ సిలిండరుకీ మధ్య రింగులు ఎంత బిగువుగా ఉన్నా కొంత గ్యాసు వాటి పక్కనుంచి కిందికి జారుతుంది. మన షెడ్ల భాషలో అది బ్యాక్ కంప్రెషన్. కొత్త ఇంజిన్‌లోనూ ఉంటుంది, పాతదాంట్లో ఎక్కువ ఉంటుంది. కింద నూనె చిందులాడే చోట, అంటే క్రాంక్‌కేసులో, చేరిన ఆ గ్యాసుని అక్కడే ఉంచేస్తే ఒత్తిడి పెరిగి సీళ్ళు ఊడతాయి. అందుకే పీసీవీ వాల్వు, ఒక గొట్టం పెట్టి ఆ గ్యాసుని తిరిగి ఇంజిన్ పీల్చే గాలిలోకే పంపుతారు. ఆ గొట్టాన్ని మధ్యలో కోసి డబ్బా తగిలిస్తే అదే క్యాచ్ క్యాన్.

ఇక నీళ్ళ సంగతి. పెట్రోలు మండితే పొగ వస్తుందని అందరికీ తెలుసు, నీళ్ళు వస్తాయని చాలామందికి గుర్తుండదు. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే పుట్టేది నీరే. ఎంత? ఒక లీటరు పెట్రోలుకి దాదాపు ఒక లీటరు. ఇది పదో తరగతి రసాయనశాస్త్రం లెక్క. పొద్దున్నే స్టార్టు చేసిన కారు సైలెన్సరు కొసన బొట్లు బొట్లుగా కారేది ఇదే. వెయ్యి కిలోమీటర్లకి 70 లీటర్ల పెట్రోలు తాగే కారు 70 లీటర్ల నీటిని ఆవిరి రూపంలో పుట్టిస్తుంది. అందులో రెండొందలవ వంతు రింగులు దాటి కిందికి జారినా 350 మిల్లీలీటర్లు. రాణిగంజ్ గ్లాసు నింపడానికి అది చాలు, మిగులు కూడా. ఇంజిన్‌లో ఏ జబ్బూ అక్కర్లేదు.

సీఎన్‌జీ కార్లకి ఈ లెక్క ఇంకా పెద్దది. కిలో మీథేన్ మండితే రెండుంపావు కిలోల నీరు పుడుతుంది. అంతే పని చేయించుకుంటే పెట్రోలు కన్నా మూడో వంతు ఎక్కువ నీరన్నమాట. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కూడా ఆ దిక్కుగానే కాస్త మొగ్గుతుంది. డబ్బా అమ్మేవాడికి ఇది పండగే. సీఎన్‌జీ కారుకి బిగిస్తే గ్లాసు తొందరగా నిండుతుంది, కస్టమరు తొందరగా మురిసిపోతాడు.

ఈ ఆవిరి మామూలుగా ఏమవుతుంది? ఇంజిన్ నూనె 90, 100 డిగ్రీలకి చేరాక నీరు అందులో నిలవదు. ఆవిరిగానే పైకి లేచి, పీసీవీ గొట్టం గుండా సిలిండర్లోకి వెళ్ళి, సైలెన్సర్ దారిన బయటికి పోతుంది. ఎక్కడా ఆగదు, దేనికీ అంటుకోదు. మధ్యలో చల్లటి డబ్బా అడ్డం పెట్టినప్పుడే దానికి నీటిబొట్టయ్యే అవకాశం వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట చెమర్చితే సీసాకి చిల్లు పడిందని ఎవరూ అనరు. అన్నం గిన్నె మూత తిరగేస్తే కారే నీటిని చూసి "ఈ మూతే లేకపోతే ఇదంతా అన్నంలోనే ఉండిపోయేది కదా" అని మూతకి దండం పెట్టేవాళ్ళూ ఉండరు. క్యాచ్ క్యాన్ విషయంలో మాత్రం చదువుకున్నవాళ్ళు కూడా సరిగ్గా ఆ దండమే పెడుతున్నారు.

కాలం మారితే ఈ సాక్ష్యం ఎలా తిరగబడుతుందో చూడండి. హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలు. మే మధ్యాహ్నం 42. పదిహేను డిగ్రీల గాలి పట్టి ఉంచగలిగే ఆవిరికన్నా 42 డిగ్రీల గాలి దాదాపు అయిదు రెట్లు పడుతుంది. పైగా ఎండాకాలం బానెట్టు కింద అంతకన్నా వేడి. కాబట్టి అదే కారు, అదే డబ్బా, అదే ఇల్లు-ఆఫీసు దూరం. డిసెంబరులో గ్లాసు నిండుతుంది, మేలో అడుగున నల్లటి చారెడు జిడ్డు తప్ప ఏమీ ఉండదు. డబ్బా వాదం నిజమైతే ఈ ఇంజిన్ చలికాలంలో రోగిష్టిదై, రోహిణి కార్తెలో కోలుకుందనుకోవాలి. మేలో డబ్బా పనిచేయడం మానేసిందని ఏ దుకాణదారూ డబ్బు వాపసు ఇచ్చిన దాఖలా లేదు!

తిరిగే దూరం కూడా ఇలాగే కథ మారుస్తుంది. కూకట్‌పల్లి నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో పిల్లల్ని బడిలో దింపి వచ్చే కారులో నూనె వేడెక్కే లోపే ఇంజిన్ ఆగిపోతుంది. వారమంతా అలాగే తిరిగితే నూనె మూత తీసినప్పుడు లోపల వెన్నలాంటి పదార్థం అంటుకుని కనిపిస్తుంది. ఆదివారం అదే కారు సూర్యాపేట దాకా వెళ్ళి వస్తే ఆ వెన్న మాయం. నూనె, నీరు కలవవు కదా, మరి ఇంత చక్కగా ఎలా చిలికినట్టయిందంటే, ఇంజిన్ నూనెలో మసిని, మురికిని చెదరగొట్టి ఉంచడానికి కలిపే మందులే ఆ రెండిటినీ కలిపి పట్టుకుంటాయి. కవ్వం పని క్రాంక్‌షాఫ్టు చేస్తుంది.

ఇక్కడే రెండో తీర్పు సంగతీ తేలుతుంది. హెడ్ గ్యాస్కెట్ పోతే నూనెలోకి వచ్చేది కూలెంటు. అది ఎక్కడినుంచో ఊడిపడదు, రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ ట్యాంకులోంచి తగ్గాలి. ట్యాంకులో కూలెంటు రెండు గీతల మధ్య కదలకుండా ఉంటే, డబ్బాలో దొరికినదాన్ని పట్టుకుని గ్యాస్కెట్ పోయిందని తీర్పు చెప్పడం కుదరదు. నిజంగా పోయినప్పుడు మూత కింద మీగడే కాదు, ఆయిల్ గేజి అడుగుదాకా నూనెంతా పాలకాఫీలా మారుతుంది. కారు వేడెక్కుతుంది, కూలెంటులో బుడగలు లేస్తాయి, సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లపొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగదు. అప్పటికీ అనుమానం తీరకపోతే కూలెంటు ట్యాంకు మూతి మీద పెట్టే నీలం ద్రావకం పరీక్ష ఉంది. మండిన గ్యాసు తగిలితే నీలం కాస్తా పసుపవుతుంది. పది నిమిషాల పని. హెడ్డు దించడమంటే ఎన్ని రోజుల కూలీయో, ఎంత బిల్లో షెడ్డుకెళ్ళినవాడికి చెప్పక్కర్లేదు. ముప్పావు గ్లాసు మీగడ నీళ్ళను చూసి ఆ పనికి దిగడమంటే తుమ్మినవాడికి గుండె ఆపరేషన్ చేయడమే.

డబ్బాకి వకాల్తా పుచ్చుకున్నవాళ్ళ దగ్గర ఇంకో వాదన ఉంటుంది, చాలా గొప్పగా వినిపించేది. "రేసు కార్లకి ఉంటుంది కదా, మరి వాళ్ళేమన్నా పిచ్చివాళ్ళా?"

కాదు. కానీ రేసు కారుకి ఆ డబ్బా పెట్టించింది ఇంజిన్ మీద ప్రేమ కాదు. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్ఐఏ నిబంధనల్లో ఆ సంగతి స్పష్టంగా ఉంది. ఇంజిన్ ఊపిరి గొట్టం బయటికి తెరిచి ఉండే కారైతే అందులోంచి వచ్చే నూనె ఒక డబ్బాలో పడాలి. రెండు వేల సీసీ దాకా రెండు లీటర్లు, ఆపైన మూడు లీటర్లు కనీసం పట్టాలి. లోపల ఎంత చేరిందో బయటికి కనపడాలి. ఇదంతా ఎందుకంటే, నూనె ట్రాక్ మీద పడితే వెనక వచ్చే కారు జారిపోతుంది. అది వెనకవాడి ప్రాణం కోసం పెట్టిన డబ్బా. దాన్ని తెచ్చి పంజాగుట్ట సిగ్నల్లో ఇరవై నిమిషాలు నిలబడే కారుకి బిగించడం పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ పందెంలో పరుగెత్తిన కార్లకైతే అసలు క్రాంక్‌కేసే లేదు, పాపం డబ్బా బిగించడానికి చోటే ఉండదు.

ఇక అసలు బలమున్న వాదన. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండరులోనే చిమ్ముతుంది, గాలి లోపలికి వచ్చే వాల్వుల వెనక తడి తగలదు. పాత పద్ధతి ఇంజిన్లలో ఆ వాల్వుల మీదే పెట్రోలు పడి ఎప్పటికప్పుడు కడుగుతూ ఉంటుంది. ఈ కడుగుడు పోవడంతో నూనె తుంపర వాల్వుల వెనక మాడి, నల్లటి పెచ్చులు కడుతుంది. ఇది కట్టుకథ కాదు. ఆ పెచ్చులు రాల్చడానికి వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టే పద్ధతి ప్రపంచమంతా వాడుకలో ఉంది. టొయోటా 2005 నుంచే కొన్ని ఇంజిన్లకి రెండు రకాల ఇంజెక్టర్లూ కలిపి పెడుతోంది. ఫోర్డ్ 2017లో తన మూడున్నర లీటర్ల టర్బో ఇంజిన్‌కి అదే దారి పట్టింది.

మన రోడ్ల మీద హ్యుందయ్, కియా, ఫోక్స్‌వాగన్, స్కోడా టర్బో పెట్రోలు కార్లు ఈ కోవలోకి వస్తాయి. అయితే డబ్బా బిగించుకుంటున్నది ఆ కార్లవాళ్ళేనా? స్విఫ్టుకి, వ్యాగన్ఆర్‌కి, పంచ్‌కి కూడా బిగిస్తున్నారు. వాటిలో పెట్రోలు వాల్వుల మీదే పడుతుంది. ఆ కార్లకి ఈ డబ్బా కళ్ళజోడు అక్కర్లేనివాడికి పెట్టిన కళ్ళజోడు.

పోనీ, డైరెక్ట్ ఇంజెక్షన్ కారే అనుకుందాం. అక్కడ వాల్వులకి చేటు చేసేది గ్లాసులో కనిపించిన నీళ్ళు కాదు, గ్యాసులో తేలుతూ వెళ్ళే అతి సన్నని నూనె తుంపర. అందులో చాలా బొట్లు ఒక మైక్రాను అటూ ఇటూగా ఉంటాయి. తల వెంట్రుక మందం అంతకు డెబ్భై రెట్లు ఉంటుంది. బజారులో చవగ్గా దొరికే డబ్బాలు మూత విప్పి చూస్తే లోపల శూన్యం. రెండు కంతలు, ఒక ఖాళీ గొట్టం, మహా అయితే గిన్నెలు తోమే స్టీలు పీచులాంటిది కొంచెం. అగరుబత్తి పొగను ఖాళీ సీసా ఒక మూతిలోంచి పోనిస్తే రెండో మూతిలోంచి పొగే వస్తుంది, సీసా అడుగున పొగ పోగుపడదు. నూనె తుంపర కూడా అంతే. పెద్ద బొట్లు గోడకి తగిలి ఆగుతాయి, సన్ననివి గ్యాసు వెంబడే వంపు తిరిగి వెళ్ళిపోతాయి. అంటే ఈ డబ్బా పట్టేది హాని లేని నీటిని, వదిలేది హాని చేసే తుంపరని. గ్లాసు నిండిన కొద్దీ మురిసిపోవడంలో ఉన్న వెటకారం ఇదే.

ఆపైన వాల్వు కాడల సీళ్ళ దగ్గర జారే నూనె అసలు ఈ గొట్టం ముఖమే చూడదు. డబ్బా ఎంత గొప్పదైనా దాన్ని ఆపలేదు.

సరైన వడపోత పొరలున్నవి లేకపోలేదు. జర్మనీ కంపెనీ మాన్ హమ్మెల్ తయారుచేసే ప్రోవెంట్ లాంటివి డీజిల్ ఇంజిన్ల కోసం పుట్టాయి. ఆస్ట్రేలియాలో ఎడారి దారుల్లో తిరిగే ఫోర్-వీల్ డ్రైవ్ ఓనర్లు వాటిని బాగా వాడతారు. పొగ తిరిగి పీల్చే ఈజీఆర్ మసి, నూనె తుంపర కలిసి డీజిల్ ఇంజిన్ గాలిదారిని తారులా పూడ్చేస్తాయి కాబట్టి అక్కడ వాటికి పని ఉంది. అందులో మార్చుకునే ఫిల్టరు ఉంటుంది, అది మూసుకుపోతే ఒత్తిడి వదిలే వాల్వు ఉంటుంది. ట్రాక్ మీద గంటల తరబడి పీకలదాకా తొక్కే టర్బో కారుకి కూడా మంచి డబ్బా సమంజసమే. ఈ వ్యాసం గొడవ వాటితో కాదు. ఖాళీ డబ్బాకి రంగు వేసి, గ్లాసు నీళ్ళు చూపించి అమ్మే బేరంతోనే.

గ్లాసు నిండటం ఒక్కోసారి సంతోషం కాదు, ప్రమాదం. చలిదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాలి. మినియాపోలిస్‌లోనో కాల్గరీలోనో మైనస్ 20 డిగ్రీల రాత్రి బంపరు వెనక బిగించిన డబ్బాలో నీరు గడ్డకడితే ఇంజిన్‌కి ఊపిరి దారి మూసుకుపోతుంది. తెల్లారి స్టార్టు చేస్తే లోపలి ఒత్తిడి ఎక్కడో ఒకచోట బయటపడాలి. క్రాంక్‌షాఫ్టు చివరి సీలు తోసుకొస్తుంది, లేదంటే ఆయిల్ గేజి ఎగిరి నూనె బయటికి చిమ్ముతుంది. బీఎండబ్ల్యూ 2000 ప్రాంతాల్లో అమ్మిన ఆరు సిలిండర్ల కార్లలో ఇదే మీగడ పదార్థం గొట్టాల్లో గడ్డకట్టి ఇబ్బంది పెట్టింది. దానికి ఆ కంపెనీ చలిదేశాల కోసం నురుగు తొడుగు వేసిన గొట్టాలూ, సెపరేటరూ తెచ్చింది. కొన్ని కంపెనీలు ఆ గొట్టానికి కరెంటుతో వేడి పెడతాయి. కారు తయారుచేసేవాళ్ళు ఆ దారిని వెచ్చగా ఉంచడానికి ఇంత ఖర్చు పెడుతుంటే, కొన్నవాడు అదే దారిని కోసి చల్లగాలి తగిలేచోట లోహపు డబ్బా బిగిస్తున్నాడు.

హోండా సీఆర్-వీ ఉదంతం కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. 2018లో ఉత్తర చైనా చలిలో, చిన్న చిన్న దూరాలు తిరిగే ఆ టర్బో కార్లలో పెట్రోలు నూనెలోకి జారి, గేజి మీద నూనె మట్టం తగ్గాల్సింది పోయి పెరిగింది. అమ్మకాలు ఆపాల్సి వచ్చింది, వెనక్కి పిలవాల్సి వచ్చింది. కంపెనీ చేసిన మరమ్మతు ఇంజిన్ త్వరగా వేడెక్కేలా సాఫ్ట్‌వేరు మార్చడం. డబ్బా పంచిపెట్టడం కాదు.

అన్నిటికన్నా అధ్వాన్నమైన బిగింపు ఇంకొకటి ఉంది. గొట్టాన్ని తిరిగి ఇంజిన్‌కి కలపకుండా, డబ్బా నెత్తిన చిన్న ఎర్ర ఫిల్టరు పెట్టి గాలిలోకి వదిలేయడం. చూడటానికి షోగ్గా ఉంటుంది. అరవై ఏళ్ళ చరిత్రను వెనక్కి తిప్పే పని అది. 1950ల్లో లాస్ ఏంజెలెస్‌ను పొగమంచు కమ్ముకున్నప్పుడు, కాల్టెక్ రసాయన శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ దాని మూలం కార్ల పొగలోని హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో ఉడకడమేనని తేల్చారు. ఆ రోజుల్లో ఇంజిన్ ఊపిరి గొట్టం నేరుగా రోడ్డు మీదికి తెరిచి ఉండేది. కారు వదిలే హైడ్రోకార్బన్లలో ఇంచుమించు అయిదో వంతు ఆ ఒక్క గొట్టంలోంచే. 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియా కార్లకీ, 1963 నుంచి అమెరికా అంతటికీ పీసీవీ వచ్చింది. కార్ల కాలుష్యానికి కట్టిన మొదటి అడ్డుకట్ట అదే. మన భారత్ స్టేజ్ నిబంధనల్లోనూ పెట్రోలు కారు క్రాంక్‌కేసు నుంచి బయటి గాలిలోకి వదలడానికి అనుమతించే మోతాదు సున్నా. ఎర్ర ఫిల్టరు డబ్బా బిగించిన కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఏసీ గాలిదారిలోంచి వచ్చే మాడిన నూనె కంపు ముందు పీల్చేది అందులో కూర్చున్న పిల్లలే.

రాణిగంజ్ గ్లాసుని ఇంటికి తెచ్చి ఒక గాజు సీసాలో పోసి కిటికీలో పెడితే మర్నాటికి చాలావరకు తేటపడుతుంది. అడుగున మూడు వేళ్ళ మందం మురికి నీళ్ళు, మధ్యలో విడిపోని మీగడ పొర, పైన వేలిగోరంత నూనె. ఆ వేలిగోరంత నూనె కూడా, గ్యాసు నుంచి నూనెని వేరుచేసే ఫ్యాక్టరీ సెపరేటర్ చేతిలో పడితే చాలావరకు తిరిగి ఇంజిన్ అడుగున నూనె సంపులోకి దిగేది, మిగతాది సిలిండర్లో మండి, క్యాటలిటిక్ కన్వర్టర్ దాటి పోయేది. ఇప్పుడది ఎక్కడికి పోతోంది? 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం. దుకాణం కుర్రాడు మాత్రం సారుకి చూపించడం అయిపోయాక గ్లాసుని పక్కనే ఉన్న మురికికాలువలోకి వంచి, అదే గ్లాసు దులిపి, వరసలో ఉన్న రెండో కారు బానెట్టు ఎత్తుతాడు.